గంగులు బిందె మీది సొట్ట

నేను ఒక ఇత్తడి బిందెను. నా పొట్ట మీద అరచేయి పట్టేంత సొట్ట ఉంది. నా బతుకంతా ఆ సొట్ట చుట్టూనే తిరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను.

కంచరి బ్రహ్మయ్య నన్ను సుత్తితో కొట్టి కొట్టి గుండ్రంగా చేశాడు. అన్ని దెబ్బలు పడ్డా ఒక్క సొట్టా లేదు. దాన్ని మనుషులు పనితనం అన్నారు. ఎలమందమ్మ నన్ను కొనుక్కుని, చింతపండుతో తళతళా తోమి, వాకిట్లో ఎండకు పెట్టింది. దారిన పోతున్న నరసయ్యగారి పొట్టేలు నాలో తన మొహం చూసుకుంది. ఎదుటి పొట్టేలు వాలకం దానికి నచ్చలేదు. వెనక్కి నడిచి, ఒకటే కుమ్ము. మనుషులూ అద్దం ముందు చాలాసేపు నిలబడతారు గానీ, ఎవరికీ అంత నిజాయితీగా కోపం రాదు.

ప్లాస్టిక్ బిందెలొచ్చాక నేను అటకెక్కాను. ఎలమందమ్మకు బడిలో మధ్యాహ్న భోజనం వండే పని దొరికాక, మంచినీళ్ళకని నన్ను దించి తీసుకెళ్ళింది.

అక్కడ ఏడో తరగతికి సాంఘికం చెప్పే తబిత మేడం ఉన్నారు. మా ఊరి చివర కూలిన కోటగోడ ఒకటుంది. దాన్ని ఎవరు కట్టించారో, ఎవరు ముట్టడించారో పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్ళు. ఒకరోజు మేడం అడిగారు.

"మరి లోపలున్నోళ్ళకి నీళ్ళెవరు మోశారు?"

పిల్లలు పుస్తకం తిరగేశారు, అందులో లేదు.

"తెలీదు గనక మనమే ఒకణ్ణి పుట్టిద్దాం. కోట నిజం, ముట్టడి నిజం. మనిషి మాత్రం మన కల్పన. ఏది ఏదో మర్చిపోకుండా పాట కట్టండి."

అలా నీళ్ళు మోసే గంగులు పుట్టాడు, బుర్రకథలో. మస్తాన్‌బీ కథ చెప్పాలి. పక్కన హాస్యపు వంత ఏడుకొండలు. కథకు అడ్డుపడి ప్రశ్నలెయ్యడమే అతని ఉద్యోగం. మామూలు రోజుల్లో అదే పనికి అతన్ని బెంచీ ఎక్కించేవాళ్ళు. గుమ్మెట దొరక్క, వాయించడానికి నన్ను లాక్కొచ్చారు.

"సొట్ట కూడా ఉంది మేడం. ఫిరంగి గుండు తగిలిందని పెడదాం" అంది మస్తాన్‌బీ.

హెడ్మాస్టరు శేషాచలంగారికి ఇదంతా గిట్టలేదు. "చరిత్ర చెప్పమంటే ఈ తందానాలేంటమ్మా? వార్షికోత్సవంలో ఆడించండి. ఏది జరిగిందో ఏది అల్లిందో పిల్లలకు తెలిసిందని నాకనిపిస్తే సరే. లేదంటే మీ బుర్రకథ పీరియడు లెక్కలకిచ్చేస్తా."

వార్షికోత్సవం రోజు ఊరంతా వచ్చింది.

"కోటగోడపై గంగులుండెను, తందాన తాన
చేతిబిందె డాలు చేసెను, తందాన తాన
ఫిరంగి గుండొచ్చి తాకెను, తందాన తాన
గుండు ముక్కలై రాలెను, తందాన తాన"

నరసయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ లేచారు. "ఆ గంగులు మా ముత్తాతరా."

"మీ ముత్తాత నీళ్ళ కావిడి ఎప్పుడు మోశాడయ్యా? వాడు మావోడు" అన్నారు వెనకనించి ఇంకొకరు.

"అయ్యా, గంగుల్ని పిల్లలు కల్పించారండి" అన్నారు మేడం.

"నువ్వు నిన్నగాక మొన్నొచ్చావు. మా తాతల సంగతి నీకేం తెలుసమ్మా?" అన్నారు నరసయ్యగారు.

కుర్చీలు వెనక్కి జరిగాయి. శేషాచలంగారు మేడం వంక చూసిన చూపులో లెక్కల పుస్తకం కనిపించింది నాకు.

అప్పుడు ఏడుకొండలు తన ఉద్యోగం తను చేశాడు.

"అక్కా అక్కా, ఇంతకీ గంగులు ఏ ఇంటోడు?"

మస్తాన్‌బీ తడుముకోలేదు. "ఏడో తరగతి గదిలోన పుట్టినోడు తమ్ముడూ, తందాన తాన. మొన్న మంగళవారం పుట్టినోడు, తందాన తాన."

"మరి కోటో?"

"కోట నిజమే తమ్ముడూ. ముట్టడి నిజమే."

"బిందెకి సొట్టో?"

"పాటలో ఫిరంగి. వాకిట్లో పొట్టేలు."

"ఎవరి పొట్టేలే అక్కా?"

వంట గుమ్మంలోంచి ఎలమందమ్మ అరిచింది. "నరసయ్య మావదే. ఇప్పటికీ బాగు చేయించి ఇవ్వలా."

జనం పడీపడీ నవ్వారు. శేషాచలంగారు నవ్వకూడదనుకుని దగ్గారు, దగ్గు కాస్తా నవ్వయింది. పీరియడు నిలిచింది. అందరికన్నా సంబరపడింది నరసయ్యగారే. ఎలాగైతేనేం, కథలోకి వాళ్ళింటి పొట్టేలైనా వచ్చింది.

నాకు అద్దాల బీరువా ఆయనే చేయించారు. ఇప్పుడు బడి వరండాలో ఉంటున్నాను. మోయడం లేదు, మోగడం లేదు. చుట్టాలొస్తే నరసయ్యగారు తీసుకొచ్చి నా సొట్ట చూపిస్తారు. మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేవారు. మొన్న వియ్యంకుడితో మాత్రం, ఆ పొట్టేలు కోటగోడెక్కి ఫిరంగిని కుమ్మిందన్నారు.

వియ్యంకుడు బీరువాకు దణ్ణం పెట్టాడు.

తరగతి గది కిటికీలోంచి ఏడుకొండలు తల బయటపెట్టాడు. "తాతా, ఎన్నో తరగతిలో పుట్టింది ఆ పొట్టేలు?"