ఆమె మొహం కనిపించదు

చిటికె వినపడేసరికి నా చేతులు మోచేతులదాకా సబ్బు నురగలో ఉన్నాయి. వరసగా రెండు చిటికెలు, మధ్యలో ఊపిరి తీసుకున్నంత విరామం. నేనేమీ ఆలోచించలేదు. కుళాయి కట్టేశాను, చేతులు నైటీకి తుడుచుకున్నాను, ముందు గదిలోకి వెళ్ళి ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను. వచ్చి నిలబడ్డాక గానీ వచ్చానన్న సంగతి నాకు తెలియలేదు.

"కళ్ళజోడు," అన్నాడు ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

కళ్ళజోడు ఆయన కూర్చున్న కుర్చీ చేతి మీదే ఉంది. తీసి అరచేతిలో పెట్టాను. తడి తగిలినట్టుంది, "అబ్బా, తుడుచుకుని రావచ్చుగా" అన్నాడు. వంటింట్లోకి తిరిగొచ్చేటప్పటికి నురగంతా చచ్చి నీళ్ళు జిడ్డుగా తేలుతున్నాయి.

ఈ చిటికెకో కథ ఉంది. మా పెళ్ళైన కొత్తలో ఇద్దరం కలిసి చూసిన మొదటి సినిమాలోది అది. అప్పటికే బాగా పాతది, నలుపు తెలుపు. ఒకప్పుడు ఊరూరా ఆడిన సంగీత నాటకాన్ని సినిమాగా తీశారు. హోటల్లో బ్యాండు నడిపే ఒకతను, అదే హోటల్లో దుప్పట్లు మార్చి మెట్లు ఊడ్చే ఒకమ్మాయి. ఊడుస్తూ ఆమె కూనిరాగం తీస్తుంటే అతను విని, ఆమెను బ్యాండులోకి లాగుతాడు. ఆమె కావలసినప్పుడల్లా రెండు చిటికెలు వేస్తాడు. ఆమె ఎక్కడున్నా చీపురు పారేసి వచ్చేస్తుంది. తారుమారైన పెట్టెలు, మారువేషాలు, తలుపు చాటు మాటలు, కడుపుబ్బ నవ్వులు. ఆఖర్న ఆమె అలిగి రైలెక్కబోతుంటే అతను ప్లాట్‌ఫారం ఆ చివర నిలబడి చిటికెలు వేస్తాడు. ఆమె పెట్టె వదిలేసి పరిగెత్తుకొస్తుంది. శుభం.

ఆ రోజు హాలు బయట జనంలో నేను కాస్త వెనకబడితే, ఆయన ముందునుంచి రెండు చిటికెలు వేశాడు. నేను నవ్వుతూ పరిగెత్తాను. ఆ నవ్వు నిజమే, అబద్ధమాడను. మర్నాడు మంచినీళ్ళకు వేశాడు. ఆ తర్వాత తువ్వాలుకి, కాఫీకి, ఫ్యాను స్పీడుకి. ఆ దారిలో నా పేరు ఎక్కడో జారిపడిపోయింది, ఎవరూ వెతకలేదు. స్నేహితులొస్తే "చూస్తారా?" అని కన్నుగీటి చిటికె వేసేవాడు. నేను ట్రే పట్టుకుని ప్రత్యక్షమయ్యేదాన్ని. "ఏం మంత్రం వేశావురా, మా ఇంట్లో మైకు పెట్టి అరిచినా పలికే దిక్కులేదు!" అని వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. వాళ్ళ భార్యలు మాత్రం "ఎంత ప్రేమండీ, ఇన్నేళ్ళయినా!" అని టీవీ పైన గోడకున్న ఆ సినిమా పోస్టరు వంక చూసేవాళ్ళు. ఆయనే ఎక్కడో సంపాదించి ఫ్రేము కట్టించాడు. ప్లాట్‌ఫారం, పొగ, అతను చాచిన చేతులు, పరిగెత్తుకొస్తున్న ఆమె. మొహం నిండా నవ్వు.

ఒకసారి మా అత్తగారితో అన్నాను, పోనీ పేరు పెట్టి పిలవమని మీరైనా చెప్పకూడదా అత్తయ్యా అని. ఆవిడ వక్క నములుతున్నట్టు కాసేపు ఖాళీ దవడలు ఆడించి, "మీ మామగారు దగ్గేవాళ్ళు" అన్నారు. "ఒక దగ్గుకి నీళ్ళు, రెండు దగ్గులకి అన్నం. చిటికే నయం కదే, అందులో కాస్త సంగీతమన్నా ఉంది. నాకు ఇప్పటికీ బస్సులో ఎవడు దగ్గినా లేచి నిలబడాలనిపిస్తుంది." ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గొంతులో చేపముల్లులా చాలాకాలం ఉండిపోయింది.

అయినా మింగేసేదాన్నే, పోయిన ఆదివారం జరిగింది జరక్కపోతే. నేను స్నానాల గదిలో ఉన్నాను. బయట చిటికెలు. ఆ వెంటనే చిన్న పాదాల పరుగు. "అమ్మ స్నానం చేస్తోంది నాన్నా, నేనొచ్చా!" మా అమ్మాయి గొంతు. దానికి పదేళ్ళు. "నా బంగారు తల్లి! మీ అమ్మకంటే నువ్వే నయం, వేయంగానే వచ్చావు" అని ఆయన మురిసిపోవడం తలుపులోంచి వినపడింది. అది గర్వంగా నవ్వింది. చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నేను ఇన్నేళ్ళు ఇంట్లో వండింది, ఉతికింది, సర్దింది, వీటన్నిటికంటే శ్రద్ధగా నేను దానికి నేర్పింది ఇదన్నమాట. ఒక్క ముక్క నోటితో చెప్పకుండా, రోజూ చేసి చూపించి.

మర్నాడు ఆఫీసులో నా బల్ల మీద అదే సినిమా ఉంది.

చూపు లేనివాళ్ళ కోసం సినిమాలకు మాటలు చెప్పడం నా ఉద్యోగం. పాత్రలు మాట్లాడుకోని జాగాల్లో తెర మీద ఏం జరుగుతోందో రాసి, నా గొంతుతోనే చదివి కలుపుతాను. 'సినిమాలు చూసినందుకు జీతమిస్తారని మా ఆవిడని చూశాకే తెలిసింది' అని ఆయన బంధువుల్లో జోకేస్తుంటాడు. ఇందులో ఒకటే నియమం. కనిపించింది కనిపించినట్టు. జాలి కలపకూడదు, మెచ్చుకోలు కలపకూడదు. అతను కన్నీళ్ళు తుడుచుకున్నాడు అనాలి గానీ పాపం అనకూడదు.

తెలిసిన సినిమా కదా, ఈ వారం హాయి అనుకున్నాను. రాయడం మొదలుపెట్టాక హాయి కాస్తా ఆవిరైపోయింది. 'అతను ఆమె మణికట్టు పట్టుకుంటాడు. ఆమె లాక్కుంటుంది. అతను వదలడు.' ఇది మేమిద్దరం చేతులు పట్టుకుని చూసిన పాట. 'ఆమె పాట రాసిన కాగితం మీద అతను తన పేరు రాస్తాడు. ఆమె కాగితం వంక చూస్తుంది.' ఇక్కడ హాలంతా పగలబడి నవ్వేది, ఎందుకంటే అతను కన్ను గీటుతాడు. 'అతను చిటికెలు వేస్తాడు. ఆమె చీపురు వదిలి వస్తుంది. అతను చిటికెలు వేస్తాడు. ఆమె నిద్రలోంచి లేచి వస్తుంది.' అదే వాక్యం రాసి రాసి వేళ్ళకు కంఠతా వచ్చింది. సంగీతం తీసేసి, కన్నుగీటడం తీసేసి, ఉత్త పనిని రాస్తే మిగిలేది ఇది. కోపం ఒక్కసారిగా రాలేదు. అడుగంటుతున్న గిన్నె వాసనలా మెల్లిగా వచ్చింది. ముందు ఇంకెవరింట్లోదో అనుకుంటాం.

రాసి చదివింది ముందుగా ఒకావిడ విని సరే అనాలి. సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు, పుట్టుకతో చూపు లేదు. టీచరమ్మ అంటాం. ఆవిడ మడతకర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే రికార్డింగు చూసే సౌండు బాబాయి ఆవిడకని గదిలో ఏసీ తగ్గిస్తాడు. మేమెవరం వణికినా ఆయనకిన్నేళ్ళలో తట్టలేదు గానీ, ఆవిడ ఒకసారి శాలువా సర్దుకున్న చప్పుడు పట్టుకున్నాడు. ఆ మాత్రం మనిషి ఒకడుంటే ఆఫీసులో రోజు గడుస్తుంది.

ఆఖరి సీను అయిపోయింది. టీచరమ్మ చెయ్యెత్తారు.

"ఆగమ్మాయ్. అతను చిటికెలేశాడు. ఆమె పరిగెత్తింది, ఎత్తు మడమల చెప్పులు టకటక వినపడ్డాయి. అప్పుడు ఆమె మొహం ఎలా ఉంది?"

"నవ్వుతోందండీ," అనేశాను.

"మరి నువ్వు చెప్పలేదే?"

నిజమే, రాయలేదు. రాయకపోవడం నా వేళ్ళకు తెలుసు, నాకు తెలియలేదు. బాబాయి వెనక్కి తిప్పాడు. కెమెరా ఆమె వెనక ఉంది. టోపీ, వీపు, గాలికి లేచిన కోటు అంచు. ఆమె అతన్ని చేరుకుంటుంది. ఆమె భుజం మీదుగా అతని మొహం, పళ్ళన్నీ కనిపించేలా. తర్వాత దూరంనుంచి ప్లాట్‌ఫారం, పొగ, అక్షరాలు.

"మళ్ళీ వేయండి బాబాయ్."

మళ్ళీ వేశాడు. మళ్ళీ. ఆమె మొహం ఎక్కడా లేదు. ఇన్నేళ్ళుగా నేను చూశాననుకున్న నవ్వు మా ఇంట్లో గోడ మీదిది. పోస్టరు వేసిన పెయింటరెవరో తన చేత్తో దిద్దిన నవ్వు.

"కనిపించదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

టీచరమ్మ తలూపారు. "నాటకం నాకు తెలుసులే. చిన్నప్పుడు మా నాన్న తీసుకెళ్ళాడు. అందులో ఇలా ఉండదు. ఎడమవైపు అతను రెండు చిటికెలు వేస్తాడు. నిశ్శబ్దం. జనం గుసగుసలు. తర్వాత కుడివైపు నుంచి, సన్నగా, ఇంకో రెండు చిటికెలు. ఆమెవి. హాలు ఎగిరిపడింది అనుకో! అప్పుడు బూట్ల చప్పుడు ఎడమనుంచి కుడికి వెళ్ళింది. బరువుగా, సిగ్గుపడుతూ. నేను మా నాన్నని అడగక్కర్లేకపోయింది, ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళారో." కర్ర మీద వేళ్ళు ఆడిస్తూ నవ్వారు. "సినిమావాళ్ళు బూట్లని నిలబెట్టేసి మడమల్ని పరిగెత్తించారు. పైగా మొహం కూడా చూపించలేదూ? భలే."

ఈ మాటల మధ్యలోనే మేనేజరు తలుపు తీసుకుని వచ్చాడు. నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు, మేడమ్ లేకుండా వాక్యం పూర్తి చేయడు. నేను రాసిన కాగితాలు చేతిలో ఉన్నాయి.

"మేడమ్, ఇది జనం గుండెల్లో పెట్టుకున్న సినిమా మేడమ్. మీరేంటి పోస్టుమార్టం రిపోర్టులా రాశారు? మణికట్టు లాక్కుంటుంది, వదలడు... కొంటెగా చేయి పట్టుకుంటాడు అనొచ్చు కదా. ఆఖర్న 'ఆమె నవ్వుతూ అతని చేతుల్లో వాలిపోతుంది' అని చేర్చాను, అది చదివేయండి మేడమ్."

"నవ్వు తెర మీద లేదండీ."

"పోస్టరులో ఉందిగా మేడమ్! ఊరంతా చూసిన నవ్వు."

"మనం చెప్పేది సినిమా. పోస్టరు కాదు."

మేనేజరు గొంతు తగ్గించాడు, తగ్గించడంలో ఎంతో దయ చూపిస్తున్నట్టు. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా మేడమ్?"

నా చెవులు వేడెక్కాయి. పని గురించి మగవాడు పట్టుబడితే నిబద్ధత. ఆడది పట్టుబడితే ఇంట్లో మొగుడితో గొడవ. గొడవ లేదు నాయనా, అదే నా గొడవ. ఇన్నేళ్ళు చిన్న చప్పుడైనా లేకుండా చక్కగా నడిచిపోయిన మా ఇంట్లో ఎవరూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు, చిటికెకి వచ్చి కుర్చీ వెనక నిలబడ్డదాని మొహం ఎలా ఉందో. నవ్వుతోందనే అనుకున్నారు. గోడ మీద ఉందిగా నవ్వు.

"నేను రికార్డింగు గదిలోకి వెళ్తున్నాను. వేయండి బాబాయ్," అన్నాను.

అద్దం అవతల ఎర్ర దీపం వెలిగింది. చిటికెలు వినపడ్డాయి. నా కాలి కండరాలు లేవబోయాయి, నిజంగా. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. "ఆమె పెట్టె వదిలి అతని వైపు పరిగెడుతుంది," అని చదివాను. "అతను నవ్వుతున్నాడు. ఆమె మొహం మనకు కనిపించదు."

మేనేజరు ఏదో అంటున్నాడు, అద్దంలోంచి పెదాలు కనిపిస్తున్నాయి. బాబాయి మైకు నొక్కాడు. "బాగా వచ్చిందమ్మా. ఇంకో టేకు అక్కర్లేదు." ఆ వెనకే టీచరమ్మ గొంతు: "నాకిదే కావాలి బాబూ. లేని నవ్వు చెప్పి నన్ను మోసం చేస్తారా? చూపున్నవాళ్ళని ఇప్పటికే చేశారు, చాలు."

బయటకొచ్చాక మేనేజరు ఆ వాక్యం వేరే గొంతుతో చెప్పిస్తానన్నాడు. "చెప్పించండి," అన్నాను. "నా గొంతుతో మాత్రం కాదు." వచ్చే సినిమా నాకిస్తాడో లేదో తెలియదు. బ్యాగు సర్దుకుంటుంటే బాబాయి చల్లారిన నా టీ పట్టుకెళ్ళి వేడి చేసి తెచ్చాడు.

ఇంటికొచ్చి కూరలు తరగడానికి కూర్చున్నాను. ఎదురుగా మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటోంది. ముందు గదిలో ఆయన, మా అత్తగారు టీవీ చూస్తున్నారు.

రెండు చిటికెలు.

అది పెన్సిలు పడేసి లేచింది. నేను దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"నాన్న పిలుస్తున్నాడమ్మా."

"పిలవలేదు. నీకో పేరుంది, నాకో పేరుంది. రెండిట్లో ఏదైనా వినపడిందా?"

అది ఆలోచించి, తల అడ్డంగా ఊపింది.

మళ్ళీ చిటికెలు, ఈసారి విసురుగా. కత్తిపీట పక్కన పెట్టి అరచేతులు మోకాళ్ళ మీద ఆనించి నొక్కాను. మూడోసారి వేయబోయాడేమో, మా అత్తగారి గొంతు వినపడింది. "ఒరేయ్, కాళ్ళేం అరిగిపోవులే. నువ్వే వెళ్ళు."

కుర్చీ కిర్రుమంది. తర్వాత చెప్పుల చప్పుడు. అటునుంచి ఇటు. ఈ ఇంట్లో ఆ చప్పుడు ఆ దిక్కునుంచి రావడం నేనెప్పుడూ వినలేదు. బరువుగా, తడబడుతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఏంటి, వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

తలెత్తాను. నేను దేన్నీ సర్దుకోలేదు, దేన్నీ దాచలేదు.

"ఒక్కసారి ఇటు చూడండి. నా మొహం ఎలా ఉందో చెప్పండి."

ఆయన తెల్లబోయి చూశాడు. నవ్వబోయి ఆగాడు. మా అమ్మాయి ఆయన వంకా నా వంకా చూస్తోంది, పెన్సిలు ముట్టుకోకుండా.

"తొందరేం లేదు," అన్నాను. "పోస్టరు గుర్తు తెచ్చుకోకండి. కనిపించింది కనిపించినట్టు చెప్పండి, చాలు."