రెండు కాళ్ళ ట్రాన్సిస్టర్

“ఏటి కృపాకర్ బావా, మొహం ఇస్త్రీకిచ్చి తెచ్చుకున్నావేటి? ఒక్క ముడత లేదు.”

వరహాలు అలా ఎగతాళి చేసినా కృపాకర్‌కు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఖాళీ స్టూలు చూసుకుని కూర్చున్నాడు.

ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే కొట్టు వరహాలుది. నెలకో ఆదివారం మధ్యాహ్నం సర్క్యూట్ల పిచ్చి ఉన్న నలుగురు అక్కడ చేరి సరదాగా పోటీ పెట్టుకుంటారు. అందరికీ ఒకేలాంటి సామాన్ల పేకెట్, గంట టైము. తక్కువ సామాన్లతో పని చేయించినవాళ్ళదే గెలుపు. గెలిచినవాళ్ళు వచ్చే నెల పోటీ తమ ఇంట్లో పెట్టాలి.

అందుకే కృపాకర్ ఓడిపోదామని వచ్చాడు. స్టీల్ ప్లాంట్‌లో డ్యూటీ, ఇల్లు, అంతే. భార్య ప్రేమలీల పోయిన ఈ ఏడు నెలల్లో ఎవర్నీ గుమ్మం దాటనివ్వలేదు. పాస్టర్‌గారు వచ్చినా వరండాలోనే నిలబెట్టి ప్రార్థన కానిచ్చాడు. పోటీకి రానంటే వరహాలు ఆటో వేసుకొచ్చి వీధంతా వినబడేలా హారన్ కొడతాడు. దానికన్నా వచ్చి ఓడిపోవడమే తేలిక.

“ఇయాల పనేటంటే, పన్నెండు వోల్టుల బోటు బ్యాటరీ మీద ఈ బుల్లి లైటు ఎలగాల, ఆరాల, మళ్ళీ ఎలగాల,” అన్నాడు వరహాలు పేకెట్లు పంచుతూ. “కానియ్యండి. బావా, నిద్రొస్తే సెప్పు, తలగడ ఏత్తాను.”

కృపాకర్ పేకెట్ విప్పాడు. బఠాణీ గింజంత ట్రాన్సిస్టర్లు రెండున్నాయి. ఒక్కోదానికి మూడు కాళ్ళుండాలి. రెండింటికీ మధ్యకాలు మొదలంటా కత్తిరించేసి ఉంది. ఆ కాలు లేకపోతే మామూలు సర్క్యూట్‌లో అవి చెత్తబుట్టకే. ఎవరి పనో అడగక్కర్లేదు. పోయినేడు ఒకరి పేకెట్లో కెపాసిటర్‌కి బదులు నల్లరంగు పూసిన చింతగింజ పెట్టిన మనిషి వరహాలు.

అడిగితే వేరే పేకెట్ ఇస్తాడు. అడగాలంటే నోరు తెరవాలి. అందరూ నవ్వుతారు, తనూ నవ్వాలి. అంత ఓపిక లేదు.

చేతులు కదులుతుంటే ఎవరూ పలకరించరని సోల్డరింగ్ ఐరన్ అందుకున్నాడు. ఒక ట్రాన్సిస్టర్‌ని తిరగేసి అతికాడు. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్, లైటు. కెపాసిటర్ మెల్లగా కరెంటు నింపుకుంటుంది. నిండాక తిరగేసిన ట్రాన్సిస్టర్ ఆపలేక ఒక్కసారిగా వదిలేస్తుంది. లైటు తళుక్కుమంటుంది. మళ్ళీ నిండడం మొదలు. ఇదంతా తల ఆలోచించలేదు, చేతులే చేసుకుపోయాయి. మధ్యలో వేలికి ఐరన్ తగిలింది. చర్మం కాలిన వాసన వచ్చాకే చూసుకున్నాడు.

బ్యాటరీకి తగిలించాడు. వెలిగింది, ఆరింది, వెలిగింది. ఓడిపోవాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

పక్క స్టూలు మీంచి, కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే చంద్రిక తొంగిచూసింది. “నాకు తొమ్మిదయ్యాయి. మీవి నాలుగేనా అన్నయ్యా? దీనికి మద్దెకాలేదీ?”

“మీ వరహాలన్న కొరుక్కు తినీసాడు,” అన్నాడు కృపాకర్. ఆ రోజు ఆయన నోరు తెరవడం అదే మొదలు. “బావా, నన్ను ఎర్రోణ్ణి సేద్దామనుకున్నావు గానీ, ఇలా కడితే ఆ కాలుతో పనే లేదు. నువ్వు కొయ్యకపోతే నానే కోసీదును.”

వరహాలు తీరిగ్గా గ్లాసుల్లోకి టీ వంచాడు.

“తెలుసు బావా. ఆ కట్టుడు నాకు నేర్పింది నువ్వే కదేటి. మూడు కాళ్ళూ ఉంచితే సక్కగా ఓడిపోయి ఇంటికెలిపోదువు. వచ్చే నెల మీ ఇంట్లో కుర్సీలు సాలకపోతే సెప్పు, ఈ స్టూళ్ళు ఆటోలో ఏసుకొచ్చేత్తాను.”