ఏడో ఎక్కం

మంగళ, శుక్రవారాల్లో నా భార్య మా బడికి వచ్చేది. జీతం లేని పని. తన కుట్టు దుకాణం తెరిచే ముందు మూడో తరగతి పిల్లలతో పావుగంట ఎక్కాలు చెప్పించేది. డబ్బాలోంచి గుండీలు బల్ల మీద పోసి వరసలు పేర్పించేది. పిల్లలు మొదట వరసలు చూసి చెప్పేవారు. కొన్నాళ్ళకు డబ్బా మూత తీయకుండానే చెప్పేవారు. ఆమెను గుండీలత్త అని పిలిచేవారు. పక్క గదిలో ఐదో తరగతి నాది. మధ్యనున్నది చెక్క గోడ కాబట్టి అంతా వినబడేది.

ఆరో ఎక్కం పూర్తయిన వారం ఆమె పోయింది.

నేను మళ్ళీ బడికి వెళ్ళిన రోజు పెద్ద మేడం పిలిచారు. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. చెప్పేవాళ్ళు లేరు కదా, ఆ పావుగంట తీసేద్దాం."

"ఎక్కాలు నోటికి రాకపోతే పై తరగతిలో ప్రతి లెక్కకీ వేళ్ళు మడుస్తూ కూర్చుంటారు మేడం. నెలాఖరు దాకా ఆగండి. ఏడో ఎక్కం వస్తే ఉంచండి. రాకపోతే మీ ఇష్టం."

ఆ మాట విని మా బావమరిది ముందుకొచ్చాడు. బస్సు డ్రైవరు, మధ్యాహ్నం డ్యూటీ. "అక్క సగంలో వదిలిన పని నేను చూస్తాలే బావా. బస్సుడు జనాన్ని మోసేవాణ్ణి, ఈ పిల్లలొక లెక్కా?"

మొదటి రోజే చెక్క గోడ అవతల గోల మొదలైంది.

"రెండు జడల పిల్లా, నువ్వు చెప్పు. ఏడేళ్ళు?"

"కాదు మామయ్యా, ఎనిమిది. మొన్ననే నిండాయి."

"నీ వయసెవరడిగారే తల్లీ! ఎక్కం మొదట్నించీ చెప్పు. ఊఁ... ఏడు!"

"మామయ్య ఏడవమంటున్నాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. ఇక తరగతి ఆగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు. "అక్కకీ ఈ గోల ఉండేదా బావా?"

"ప్రతి ఏడూ ఉండేది. నవ్వినంతసేపు నవ్వనిచ్చి, అప్పుడు గుండీలు పోసేది."

"నువ్వు మాత్రం నవ్వవు, ఏడవవు. గుంజలా కూర్చుంటావు."

నేను దిద్దాల్సిన పుస్తకాలు ముందుకు లాక్కున్నాను.

తర్వాతి తరగతి నుంచి అతను నవ్వనిచ్చాడు. అతను "ఏడు!" అనగానే తరగతంతా ఎత్తుకోవడం అలవాటైంది. రెండు జడల పిల్ల మాత్రం ఏడేళ్ళ దగ్గరే ఆగిపోయేది.

నెలాఖరున పెద్ద మేడం వచ్చి సరిగ్గా ఆ పిల్లనే లేపారు. నా తరగతి పిల్లలకు లెక్కలిచ్చి నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఏడార్లు నలభై రెండు," అంది. ఆగింది. బావమరిది చెయ్యి డబ్బా మీదికి వెళ్ళి వెనక్కి వచ్చింది. మేడం గడియారం చూసుకున్నారు.

గోడ అవతల నుంచి ఎన్నోసార్లు విన్న మాట నా నోట వచ్చింది. "నీ వయసు కాదే పిల్లా, గుండీల వయసు."

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "ఏడేళ్ళు నలభై తొమ్మిది!" డెబ్భై దాకా ఆగలేదు. మేడం అటూ ఇటూ దూకుతూ అడిగారు. ఏడెనిమిదులు? యాభై ఆరు. ఏడు నాలుగులు? ఇరవై ఎనిమిది.

"పావుగంట అలాగే ఉంచుదాం," అన్నారు మేడం. బావమరిది వైపు తిరిగారు. "ఆవిడ ఉండగా చెప్పాల్సిన మాట చెప్పలేదు. మీరైనా వినండి. చాలా థాంక్సండీ."

"ఒక టీ ఇప్పించండి మేడం, చాలు. ఎనిమిదో ఎక్కం నేనే ముందు బట్టీ పట్టాలి."

మేడం నవ్వుతూ వెళ్ళారు. రెండు జడల పిల్ల నా దగ్గరికొచ్చింది. "ఆరేళ్ళు అడిగినప్పుడు గుండీల వయసు అనేది అత్త కదా మాస్టారూ?"

అవునమ్మా అనబోయాను. తల మాత్రం ఊపగలిగాను.

బావమరిది నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు. "ఏడు బావా."

వెనక నుంచి తరగతంతా ఒక్కసారిగా ఎత్తుకుంది. "ఏడొకట్ల ఏడు! ఏడు రెళ్ళు పద్నాలుగు!"

వాళ్ళను ఎవరూ ఆపలేదు. నేను కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాను. వాళ్ళు డెబ్భైకి చేరేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.