చెయ్యందే ఎత్తు

రుక్మాబాయి పంపు వాషర్ల పెట్టెను నడుమెత్తు అరలోకి తోసి, దుమ్మంటిన అరచేతిని కొంగుకు తుడుచుకుంది. నిజామాబాద్‌లోని సిరాజ్ సేట్ మోటారు విడిభాగాల గోదాములో ఆమె చెయ్యి పడని వస్తువు లేదు. మనిషి బాగా పొట్టి. రోజూ అడిగే బేరింగులు, వాల్వులు అన్నీ కింది అరల్లోనే ఉంటాయి. ఎప్పుడో గాని అడగనివి పైన. వాటికోసం ఆమెకో చెక్క స్టూలుంది. దాని కాలొకటి వదులైతే సైకిలు ట్యూబు ముక్క చుట్టింది.

ఈరోజుతో ఆమె కొలువు ముగుస్తుంది. కోటగిరిలో కూతురు భాగ్యలక్ష్మికి నెలలు నిండాయి. సాయంత్రం బస్సుకు వెళ్లాలి. ఆమె స్థానంలోకి పొద్దునే వచ్చిన గోదావరి మంచి పొడగరి. చీటీ మీద అర నంబరు చూసుకుని తిన్నగా అక్కడికే వెళ్తోంది, ఒక్కటీ తప్పడం లేదు. అయినా మధ్యాహ్నానికి నడుం పట్టుకుని అట్టపెట్టె మీద కూలబడింది.

“నడుం గుంజుతున్నదవ్వా. రేపటి సంది నేను రాను.”

రుక్మాబాయి చేతిలో పని ఆపి ఆమెకేసి చూసింది. ఈమె రాకపోతే సేట్ తనను వదలడు. బిడ్డ కాన్పుకు దగ్గర లేకుండా పోతుంది. కోపం రావలసిందే, కానీ అంతకంటే వింతగా అనిపించింది. నంబర్లు తెలిశాయి, వస్తువులు దొరుకుతున్నాయి, మరి తిప్పలెక్కడ? స్టూలెక్కి గోదావరి కళ్లంత ఎత్తునుంచి చూసింది. అది ఎవరిదో గోదాములా ఉంది. రోజూ తీసే పెట్టెలేవీ కనబడలేదు. ఎప్పుడో పోయిందని సేట్ అందరినీ సతాయించిన పానా మాత్రం పై అరలో హాయిగా పడుకుని ఉంది. రుక్మాబాయికి నవ్వాగలేదు. ఇన్నేళ్లూ గోదామును తన కొలతకే కుట్టుకుంది మరి!

“నీ చెయ్యి ఏడిదాంక పోతదో సూపియ్యి బిడ్డ.”

గోదావరి తన తలెత్తుకు చెయ్యి చాపింది. ఇద్దరూ కలిసి రోజువారీ సరుకంతా అక్కడికి ఎక్కించారు. పెట్టె కదిలినప్పుడల్లా సేట్ గొణుక్కుంటూనే కంప్యూటర్‌లో అర నంబరు మార్చాడు.

పొద్దు వాలుతుండగా ముప్కాల్ నుంచి వచ్చిన రైతుకు బేరింగు కావాలని చీటీ వచ్చింది. అలవాటు కొద్దీ రుక్మాబాయే లేచి వెళ్లి చెయ్యెత్తింది. వేళ్లు అర అంచును తాకి ఆగిపోయాయి. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. వెనకనుంచి గోదావరి వంగకుండానే పెట్టె అందుకుంది.

“రేపు వస్తవా?”

“వస్తనవ్వా.”

రుక్మాబాయి టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, సేట్‌కు చెప్పి, బస్టాండు దారి పట్టింది.

బేరింగుల అర కింద స్టూలు ఉండిపోయింది, రెండు పాదాలు ఆనేంత మేర చెక్క నునుపు తేలి.