మాలకొండమ్మ చూసిన ఊళ్ళు

1960 మార్చిలో పరంజ్యోతి గూడూరులో రైలు దిగి, బస్సెక్కి, సముద్రం ఒడ్డున ఉన్న తన ఊరు చేరేసరికి చర్చి ఆవరణలో జనం కాచుకుని ఉన్నారు. ఐరోపా చూసొచ్చిన మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే. చెల్లెలు ఎలిశబెతు కాఫీ గ్లాసు చేతికిచ్చి పక్కనే చతికిలబడింది.

"ముందు ఊళ్ళ సంగతి చెప్పక్కా. నీళ్ళలో కట్టిన ఊరని జాబు రాసినావే, అది నిజంగా నీళ్ళలోనే ఉండాదా?"

పరంజ్యోతి చెప్పింది. వెనిస్‌లో వీధులుండాల్సిన చోట కాలువలుంటాయనీ, పెళ్ళివాళ్ళు కూడా పడవల్లోనే పోతారనీ, రాతిమెట్ల మీద పిల్లులు ఎండ కాచుకుంటూ పడుకుంటాయనీ చెప్పింది. లూసర్న్ అనే ఊళ్ళో ఏటి మీద ఇంటికున్నట్టే పైకప్పున్న చెక్క వంతెన ఉందనీ, కప్పు కింద వందల ఏళ్ళనాటి బొమ్మలున్నాయనీ, హంసలు మనిషి చేతిలో రొట్టె తింటాయనీ చెప్పింది. విన్నవాళ్ళు అబ్బురపడిపోయారు. తానూ, తాను తోడుపోయిన దొరసానీ కాక మూడో మనిషి కూడా ఆ ఊళ్ళు తిరిగిందని మాత్రం ఆమె చెప్పలేదు.

ఆ ఊరి మిషను ఆసుపత్రిలో ముప్ఫై అయిదేళ్ళు డాక్టరుగా చేసిన మార్తా దొరసానిది స్విట్జర్లాండు. గుండె జబ్బు ముదిరి, సొంత ఊళ్ళో కన్నుమూయాలని ఆమె ప్రయాణం కట్టినప్పుడు, పద్నాలుగేళ్ళుగా ఆమె దగ్గర నర్సుగా ఉన్న పరంజ్యోతిని తోడు పంపారు. చిన్నప్పుడు చూసిన చోట్లు మళ్ళీ ఒకసారి చూసుకుంటూ ఇల్లు చేరాలని దొరసాని కోరిక. అక్టోబరులో వెనిస్‌లో ఓడ దిగారు.

మొదటిరోజు మిట్టమధ్యాహ్నం కాలువ పక్కన బల్ల మీద కూర్చున్నారు. ఎండలో నీళ్ళు గాజులా మెరుస్తున్నాయి. పరంజ్యోతికి మనసు తేలికై, మన బకింగ్‌హాం కాలువకు కూడా ఇరువైపులా మేడలు కడితే ఇలాగే ఉంటుందేమో అనుకుని నవ్వుకుంది. దొరసాని నవ్వలేదు.

"జ్యోతీ, ఆ మెట్ల మీద మన దేశపు మనిషి నిలబడి ఉంది. చీరంతా తడిసిపోయింది. ఇటు రమ్మను."

పరంజ్యోతి చూసింది. అక్కడ ఎవరూ లేరు. కాలువలోంచి పైకి వచ్చే మెట్ల మీద మాత్రం తడి పాదాల గుర్తులున్నాయి. చెప్పులు లేని కాళ్ళవి. అవి వాళ్ళ బల్లకు నాలుగు బారల దూరం దాకా వచ్చి ఆగిపోయాయి. ఎవరో పడవవాడివి అయి ఉంటాయని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది.

లూసర్న్ వంతెన మీద మరీ తేటగా జరిగింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. వంతెనకు పైన కప్పు ఉంది. అయినా వాళ్ళు నడుస్తుంటే వెనకాల చెక్కల మీద టపటపమని నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. పరంజ్యోతి వెనక్కి తిరిగింది. బొమ్మలు చూస్తున్న ఒక ముసలి జంట తప్ప వంతెన ఖాళీ. కానీ చెక్కల మీద చారలా తడి ఉంది.

దొరసాని వంతెన కటకటాలు పట్టుకుని నిలబడిపోయింది. "ఆమె మాలకొండమ్మ" అంది తెలుగులోనే. "నీకు తెలియదు. నువ్వు రాకముందు సంగతి."

అప్పుడు చెప్పింది. ఏళ్ళ కిందట పెద్ద గాలివాన వచ్చింది. ఆసుపత్రి నిండా గాయాలైనవాళ్ళే. సాయంత్రం వేళ కాపలావాడొచ్చి, కాన్పు నొప్పులు పడే ఆడమనిషి గేటు తలుపు కొడుతోందన్నాడు. గేటు తీస్తే వరదనీళ్ళు లోపలికొస్తాయి. కాసేపు ఆగమను, చేతిలో పని ముగించి వస్తానంది దొరసాని. పని ముగిసింది. రెండు రోజులుగా కన్ను మూయని మనిషి, కుర్చీలో కూర్చుని అలాగే నిద్రపోయింది. మెలకువ వచ్చి గేటు తీయించేసరికి మాలకొండమ్మ నీళ్ళలో పడి ఉంది. కడుపులో బిడ్డ కూడా దక్కలేదు.

"ఆమె పెనిమిటి గంగాధరం, కాలువ రేవులో పడవ నడుపుతాడు. నేను నిద్రపోయానని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. దేవుడి చిత్తం అన్నాను."

డిసెంబరు మొదట్లో కొండల మధ్య ఉన్న దొరసాని సొంత ఊరు చేరారు. కిటికీ తెరిస్తే సరస్సు, అవతల మంచు కప్పిన కొండ, చర్చి గంటల చప్పుడు. అంత అందమైన చోటు పరంజ్యోతి జన్మలో చూడలేదు. అక్కడే తలుపు చప్పుడు మొదలైంది. రోజూ పొద్దున వెలుతురొచ్చాక మూడుసార్లు కొట్టేవారు. పరంజ్యోతి చెవులారా విన్నది. మొదటిరోజు కిటికీలోంచి తొంగిచూస్తే, కొత్తగా పడిన మంచులో చెప్పులు లేని అడుగులు గడప దాకా ఉన్నాయి. తిరిగి పోయిన అడుగులు లేవు.

"తలుపు తియ్యి, జ్యోతీ" అంది మంచం మీది దొరసాని.

"ఎవరూ లేరమ్మగారూ. గాలి. చలికి మీకు ప్రమాదం."

మూడు పొద్దులు అదే మాట చెప్పింది. నాలుగో పొద్దున వంటింట్లో పాలు కాస్తుంటే చల్లటి గాలి కాళ్ళకు తగిలింది. పరుగెత్తుకొచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. పది రోజులుగా లేవలేని మనిషి గడప మీద కూర్చుని ఉంది. ప్రాణం లేదు. ముఖంలో బాధా లేదు, నెమ్మదీ లేదు. ఎవరికో బదులు చెప్పబోతూ ఆగిపోయినట్టు నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

తిరిగి తన ఊరు చేరిన మర్నాడే పరంజ్యోతి గంగాధరాన్ని వెతుక్కుంటూ రేవుకు పోయింది. ఎండ మండిపోతోంది. సరుగుడు తోపు కింద డెబ్బై ఏళ్ళ మనిషి పడవలో నీళ్ళు తోడిపోస్తున్నాడు. ఆమెను ఎక్కించుకుని, గడ వేసి కాలువ మధ్యకు తెచ్చాడు. అప్పుడు ఆమె అంతా చెప్పింది. దొరసాని నిద్రపోవడం, దాచిపెట్టడం, ఆఖరికి తాను కూడా తలుపు తీయకపోవడం, ఏదీ వదల్లేదు.

"నేనూ ఆమె మాదిరే చేసినాను పెద్దాయనా. విని కూడా గాలి అన్నాను."

గంగాధరం గడ ఆపాడు. కోపగించుకోలేదు, ఏడవలేదు. "దొరసాని పోయింది ఎప్పుడమ్మే?" అని మాత్రం అడిగాడు.

"డిసెంబరు పదహారు."

"ధనుర్మాసం పెట్టిన రోజు" అన్నాడు. గడ్డంతో తాము బయలుదేరిన గట్టు చూపించాడు. "ఆ రోజు కాడ్నించి ఆడ నిలబడుండాది. తెల్లగౌను. ఎండయినా వానయినా కదలదు. పడవెక్కమ్మా అంటే ఎక్కదు. నా కళ్ళు పోతాండాయేమో అనుకున్నా."

పరంజ్యోతి వెనక్కి చూసింది. గట్టు మీద ఎండ తప్ప ఏమీ లేదు.

"ఆమె తరఫున నేను క్షమాపణ అడగతా ఉన్నాను" అంది.

"నువ్వెట్టా అడగతావు? తప్పు జేసింది నువ్వు గాదు గదా? ఆమే అడగాల. అందుకే వచ్చుండాది, నోరు రాక నిలబడుండాది." పడవ అవతలి గట్టుకు తాకింది. "నువ్వు దిగు తల్లీ. నీ తలుపు సంగతి మాలకొండ, నువ్వు చూసుకోండి. దాంట్లో నేను చెప్పేదేం లేదు."

ఆమె దిగింది. ముసలాయన పడవ తిప్పి, తాము బయలుదేరిన గట్టుకే పోయాడు. గడ బురదలో దిగేసి, పడవ అంచు మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఖాళీ గట్టు వైపు ముఖమెత్తి, చెవి కాస్త పక్కకు వంచి, చాలాసేపు అలాగే ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఇంకా చెప్పమన్నట్టు ముందుకు వంగాడు.

పరంజ్యోతి ఇవతలి గట్టున ఎండలో నిలబడి ఎంత చెవి ఒగ్గినా, నీళ్ళ చప్పుడు తప్ప ఆమెకేమీ వినబడలేదు.