టీచరమ్మ తుంటి, పన్నెండు మంది పరీక్ష

ఆ చిన్న విమానాశ్రయంలో ప్రయాణికుల్ని తడిమి చూసేవాళ్ళు పన్నెండు మంది. ఏడాదికోసారి రాజధాని నుంచి ఎవరో ఒకరు నకిలీ బాంబో నకిలీ తుపాకో ఒంట్లో దాచుకుని, మామూలు ప్రయాణికుడిలా వచ్చి వీళ్ళని పరీక్షిస్తారు. రహస్య పరీక్ష అని పేరు. రహస్యమా, పాడా! ఫిబ్రవరి మంచులో పల్చటి తోలు బూట్లతో జారుతూ వచ్చేవాడు పట్నంవాడు కాక మరెవడు? అతను కారు దిగీ దిగకముందే టికెట్ల కౌంటరు నుంచి ఫోను మోగేది. అందరూ పులుల్లా పట్టుకునేవారు. నూటికి నూరు మార్కులు, ఆపైన అందరికీ కేకు.

నిరుడు మాత్రం ఆ పన్నెండు మందిలో ఒకతె, సిన్నోవె, పరీక్ష తప్పింది. ఆ ఫోను వచ్చినప్పుడు ఆమె కాఫీ తేవడానికి వెళ్ళింది. తిరిగొచ్చాక చెప్పాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. ఈసారి కూడా తప్పితే ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఊడుతుంది. ఆ ఏడాదంతా ఆమెకు కంటిమీద కునుకు లేదు. చివరికి ఒక మొండి నిర్ణయానికి వచ్చింది. ఎవరి కబురూ వినకూడదు. మేయరు వచ్చినా, సొంత మరిది వచ్చినా ఒకటే తడుముడు. రెండు వారాలు అలాగే చేసింది. ఊరు ఊరంతా ఆమెను తిట్టిపోసింది.

"వచ్చాడే! ముదురు నీలం కోటు, పట్నం బూట్లు. కాఫీ హోటల్లో కూచున్నాడు, చూడు" అన్నాడు ఐనార్, పక్క వరసలో పనిచేసే పాత స్నేహితుడు.

"నాకు చెప్పకురా నాయనా. చెవులు మూసుకుంటా."

"నీ మంచి కోరి చెబుతుంటే ఈ వేషాలేంటే? నిరుడు చెప్పలేదని ఏడ్చావు, ఇప్పుడు చెప్తే ఏడుస్తావు!"

ఆమె జవాబు చెప్పేలోగా బోర్గిల్ద్ టీచరు వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఆ పన్నెండు మందికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆవిడ తుంటిలో ఉక్కు కీలు ఉంది కాబట్టి, లోహం పసిగట్టే ద్వారం దాటితే చాలు, అది గీ మని కూస్తుంది. ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి. అందుకే అందరూ నవ్వి, చెయ్యి ఊపి పంపేస్తారు. ఆవిడ ఈ రెండు వారాల్లో చెల్లెల్ని చూడ్డానికి పదకొండు సార్లు ఎందుకు బయల్దేరిందో ఒక్కరైనా అడిగిన పాపాన పోలేదు.

గీ మంది.

సిన్నోవె ఎదురెళ్ళి నిలబడింది. "టీచరమ్మా... చేతులు పైకెత్తండి."

"నన్నా? నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని!"

"అవునమ్మా. ఎత్తండి."

వెనక వరసలో జనం గొణిగారు. ఐనార్ తల పట్టుకుని, "ఒసేయ్, కూసింది ఆవిడ తుంటే, సిగ్గుండాలి!" అన్నాడు. సిన్నోవె ముఖం కందగడ్డయింది, అయినా చేతులు ఆపలేదు. ఉన్ని స్వెట్టరు కింద, తుంటికి ఆనుకుని, పట్టీతో కట్టిన గట్టి దిమ్మ తగిలింది. పైన వైర్లు, అచ్చం బాంబే.

"అమ్మయ్య!" అంది టీచరు. "పన్నెండో సారికి దొరికాను. ఈ పట్టీ నా ప్రాణం తీస్తోందే తల్లీ."

కాఫీ హోటల్లోంచి నీలం కోటు లేచి వచ్చింది. పేరు హల్వోర్, పరీక్షాధికారి. మిగతా పదకొండు మంది ఆవిణ్ణి పదకొండు సార్లు నవ్వుతూ పంపించేశారని మెల్లగా చెప్పి, ఒక కాగితం సిన్నోవె ముందు పెట్టాడు. "పరీక్ష న్యాయంగా జరిగిందని ఏటా మీలో ఒకరైనా సంతకం పెట్టాలి. తప్పినవాళ్ళెవరూ పెట్టరట. మీరు పెడితే చాలు, ఫలితం నిలుస్తుంది. లేకపోతే మొత్తం రద్దు, మీది కూడా."

ఐనార్ ఆమెను పక్కకు లాగాడు. "పెట్టకు. చదువు చెప్పిన ముసలమ్మను పంపుతారా? ఇదేం న్యాయం? రద్దయితే అందరం బతికిపోతాం."

"నేనో?"

"నీకు మళ్ళీ పరీక్ష పెడతారు. ఈసారి ఫోను చేసి చెబుతాంగా!"

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నిరుడు కాఫీ మీకోసం తేవడానికే వెళ్ళానురా! నాకు ఉద్యోగం పోతుందని తెలిసి ఒక్కడైనా నిరుటి కాగితం మీద 'అన్యాయం' అని రాశాడా? కేకు తిన్నారు." కలం లాక్కుని సంతకం పెట్టేసింది.

పదకొండు మందికీ రాజధానిలో నెల శిక్షణ, ఆపైన మళ్ళీ పరీక్ష. మర్నాడు పొద్దున సిన్నోవెకు తోడు పక్క ఊరి నుంచి ఇద్దరు అరువు వచ్చారు. వరస కార్లు నిలిపే చోటు దాకా సాగింది. శిక్షణకు పోతున్న వాళ్ళూ అందులోనే ఉన్నారు. మొదటివాడు ఐనార్. ద్వారం కూయలేదు. కూయకపోయినా, యంత్రం మధ్యమధ్య ఎవరో ఒకరిని ఎంచితే వాళ్ళనూ తడమాలి, అది అతణ్ణే ఎంచింది.

"నన్ను కూడానా?" అన్నాడు.

"బూట్లు విప్పు. చేతులెత్తు."

ఎత్తాడు. ఒకరిమీద ఒకరు సాధన చేసేటప్పుడు పక్కలు తడుముతుంటే ఎప్పుడూ పడీ పడీ నవ్వేవాడు, చక్కిలిగిలి ఎక్కువ మనిషి. ఇవాళ గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వంగి, ఎడమ కాలు చూసి, కుడి కాలు కూడా చీలమండ దాకా తడిమి, "వెళ్ళు" అంది.