చుక్క పొడవకముందు తెరిచిన మూత

నేను ఒక మరచెంబును. ఈ కాలపు పిల్లలకు ఆ మాట తెలియదు కనుక విప్పి చెబుతాను. మెడ దగ్గర మర ఉండి, మూతను తిప్పి బిగించే ఇత్తడి చెంబును. నా రోజుల్లో ప్రయాణమంటే నేనే. పక్కబట్టలు మర్చిపోయినా మనుషులు సర్దుకుపోయేవారు గాని, నన్ను మర్చిపోతే మాత్రం రైలు పొలిమేర దాటకముందే ఇంటిల్లిపాదీ ఒకరి మీద ఒకరు విరుచుకుపడేవారు.

అజ్జరంలో వీరాచారి అనే కంచరి నన్ను తయారు చేశాడు. నా పొట్ట గుండ్రంగా రావడానికి ఎంత కష్టపడ్డాడో, మూతకు మర కుదర్చడానికి అంతకు రెట్టింపు విసుక్కున్నాడు. చివరికి నీళ్ళు నింపి, తలకిందులుగా పట్టుకుని, ఒక్క బొట్టూ కారకపోయేసరికి "ఇది కాశీ దాకా వెళ్ళొచ్చే చెంబు" అన్నాడు. కాశీతో భూమి అయిపోతుందని అతని లెక్క. ఆ తర్వాత ఇంకా చాలా భూమి ఉందని తెలిసింది. అతనికి కాదు, నాకు.

నన్ను కొన్న మాణిక్యాంబది తణుకు. ఆవిడ నన్ను నిజంగానే కాశీకీ, రామేశ్వరానికీ తిప్పింది. నాకు ఒక నియమం కూడా పెట్టింది. కార్తీక సోమవారం నాడు ఆవిడ తెల్లవారినప్పటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. నన్ను నింపి, మూత బిగించి దేవుడి దగ్గర పెట్టేది. సాయంత్రం పెరట్లో నిలబడి, చుక్క కనబడ్డాకే ఆ మూత తీసి, పైకెత్తి, నోట్లో ధారగా పోసుకునేది. చుక్క పొడవకముందు ఆ రోజు నా మూత తియ్యకూడదు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు, ఆవిడకూ తెలియదు. కాని ఆ ఇంట్లో అదే శాస్త్రం. ఒక ఏడు కార్తీకంలో తుఫాను పట్టి, ఆకాశమంతా మూసుకుపోతే, మర్నాడు మబ్బు విడిచి చుక్క కనబడేదాకా ఆవిడ గొంతు తడుపుకోలేదు. ఆ కథ ఆ వంశంలో ఆడపిల్లలందరికీ ఉగ్గుపాలతోనే అందింది.

మాణిక్యాంబ తర్వాత ఆవిడ కూతురు, ఆ తర్వాత మనవరాలు హైమావతి నన్ను అందుకున్నారు. హైమావతి తన భర్త చక్రధర్‌తో అరిజోనా వచ్చినప్పుడు నన్ను చీరల మధ్య చుట్టి తెచ్చుకుంది. తెచ్చి ఏం చేసిందంటే, గాజు అల్మరాలో పెట్టింది. వచ్చిన చుట్టాలు "అబ్బ, ఎంత బాగుందో" అనడమూ, నేను మెరుస్తూ కూర్చోవడమూ. కార్తీక సోమవారాలు తప్ప ఎన్నడూ దాహం తీర్చని చెంబుకు మెరుపెందుకు? కాని మనుషులకు ఒక అలవాటు ఉంది. ఒక వస్తువు మీద గౌరవం పెరిగిందంటే దాన్ని వాడడం మానేస్తారు.

నన్ను ఆ అల్మరాలోంచి దింపింది చక్రధర్‌కున్న కొండల పిచ్చి. వరసగా రెండు రోజులు సెలవు దొరికితే చాలు, ఆయన కారులో గుడారం, తాళ్ళు, టోపీలు పడేసి ఇంజను ఆన్ చేసి కూర్చునేవాడు. మొదట్లో హైమ సణిగేది. "చల్లగా ఇంట్లో కూర్చోక, రాళ్ళు చూడ్డానికి ఇంత దూరమా? రాళ్ళు మా ఊళ్ళో లేవా ఏంటి?" అనేది. తీరా బయల్దేరాక, సీసాను నోట కరుచుకుని ఎంగిలి నీళ్ళు తాగడం తన వల్ల కాదంటూ వెనక్కి వెళ్ళి నన్ను నింపుకొచ్చింది. అలా నేను మళ్ళీ ప్రయాణాల్లో పడ్డాను.

ఆ మొదటిసారే, అరిజోనాకు పేరు తెచ్చిన ఆ మహాలోయ అంచున నన్ను చంకలో పెట్టుకుని నిలబడింది. కింద నేల లేదు. ఉన్న నేల ఎక్కడో పాతాళంలో, వేరే లోకంలో ఉంది. అట్టడుగున దారప్పోగులా కనబడేది నది అని చక్రధర్ చూపించాడు. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషికి దారప్పోగు చూపించి నది అంటే నవ్వు రావాలి. హైమ నవ్వలేదు. "ఇదంతా ఆ నీళ్ళే కోశాయా?" అని అడిగింది. అవునన్నాడు. ఇక చాలాసేపు మాట్లాడలేదు. పెళ్ళయ్యాక ఆవిడ అంతసేపు నోరు మెదపకుండా ఉండడం అదే మొదటిసారని చక్రధర్ తర్వాత స్నేహితులందరికీ చెప్పుకున్నాడు. నాకైతే నా పొట్టలో ఉన్న నీళ్ళను తలుచుకుంటేనే భయం వేసింది. ఓపిక పడితే కొండల్ని కోసేవాటినా నేను ఇన్నాళ్ళూ మోస్తున్నది?

అప్పటి నుంచి హైమ సణగడం మానేసింది. చేతులెత్తి నిలబడ్డ నిలువెత్తు ముళ్ళచెట్లను పేరుపేరునా పలకరించేది. పక్క రాష్ట్రంలో తెల్లటి ఇసుకతిన్నెల మీద పిల్లలు పళ్ళెంలాంటి ప్లాస్టిక్ బిళ్ళల మీద కూర్చుని జారుతుంటే, మొదట సిగ్గుపడి, తర్వాత అందరికంటే ముందు వెళ్ళి జారింది. అప్పుడు నా మరలోకి దూరిన ఇసుక ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మూత తిప్పితే కిర్రుమంటుంది. ఆ కొండల్లో రాగి తవ్వుతారని ఒకసారి చక్రధర్ చెప్పగా విన్నాను. నా ఒంట్లో సగానికి పైగా రాగే. పరాయి దేశం వచ్చాననుకున్నదాన్ని, ఆ రోజు నుంచి ఆ ఎర్రటి కొండల్ని చుట్టాల్లా చూడడం మొదలుపెట్టాను.

వాళ్ళకు ఒక్కతే కూతురు, మంజీర. హైస్కూల్లో అప్పుడే అడుగుపెట్టిన పిల్ల. ఆ అమ్మాయికి నీలం రంగు స్టీలు సీసా ఉంది. దాని ఒంటినిండా బొమ్మలంటించి ఉంటాయి. పొద్దున పోసిన చల్లదనం సాయంత్రం దాకా నిలబెడతానని దానికి గర్వం. సంచిలో మా ఇద్దరినీ పక్కపక్కనే పెట్టేవారు.

ఆ ఏడు నవంబరులో సోమవారం నాడు సెలవు పడింది. చక్రధర్ ఎగిరి గంతేశాడు. హైమ క్యాలెండరు చూసి, "కార్తీక సోమవారమండీ" అంది.

"ఉపవాసంతో ఎడారిలో నడుస్తావా? ఈ ఒక్కసారికి మానెయ్యి హైమా."

"మా అమ్మమ్మ తుఫానులో ఉంది. ఈపాటి ఎండలో నేనుండలేనా? పైగా ఇక్కడ దీపాల వెలుగులో చుక్కే కనబడి చావదు. అక్కడైతే ఆకాశమంతా చుక్కలే కదా."

"నేనూ ఉంటానమ్మా, నీతోపాటు" అంది మంజీర.

"నువ్వా! అన్నం అరగంట ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తావు. నీ వల్ల కాదులేవే" అని హైమ నవ్వింది. చక్రధరూ నవ్వాడు. మంజీర నవ్వలేదు.

ఆ సోమవారం పొద్దున కారులో టిఫిను పెడితే, దిగాక తింటానంది. దిగాక, ఆకలి లేదంది. "అమ్మకు ఉపవాసం కదా, సంచి నేను మోస్తాను" అని మమ్మల్ని తన భుజానికి తగిలించుకుంది. ఎంత బాధ్యత వచ్చిందో అని తల్లి మురిసిపోయింది. నాకు మాత్రం లోపల ఏదో తేడా తెలిసింది. నీళ్ళు మోయడమే పుట్టుకైనదాన్ని, పక్కదాని బరువు నాకు తెలియకుండా ఉంటుందా? ఎండ ఎక్కింది, నడక పెరిగింది, నీలం సీసా మాత్రం ఒక్క గుక్కెడు కూడా తేలిక కాలేదు. చెబుదామంటే నోరు ఉంది గాని మాట లేదు. దానికి మూత కూడా బిగించారు.

వాళ్ళు వెళ్ళింది రాతి సందులోకి. రెండు ఎర్రటి గోడల మధ్య ఒక్క మనిషి పట్టేంత దారి. చేతులు చాపితే రెండు వైపులా కొండే తగులుతుంది. పైన ఆకాశం జడ రిబ్బనంత. గోడల రాయి పూతరేకులు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంది. వెలుతురు ఈ గోడకూ ఆ గోడకూ తగులుతూ, కిందికి దిగేసరికి పండిన నారింజ రంగులోకి తిరిగింది. ఎవరూ చెప్పకుండానే ముగ్గురూ గొంతు తగ్గించారు. హైమ గోడ మీద అరచెయ్యి ఆనించి నడిచింది. ఎన్ని వేల ఏళ్ళ వానలు ఇలా వంపులు తిరుగుతూ వెళ్ళాయో, ఆ వంపులన్నీ ఆమె చేతికి తగిలాయి. "శివయ్యా" అంది మెల్లగా. ఆ రోజు ఆమె చేసిన పూజ అదే. నేను కాశీలో విన్న మంత్రాల్లో కూడా అంత నిజం ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

దారి రెండుగా చీలిన చోట చక్రధర్ ఎడమకు వెళ్దామన్నాడు. చాలా దూరం వెళ్ళాక గోడ అడ్డొచ్చింది. వెనక్కి తిరగాల్సి వచ్చింది. నారింజ రంగు వంకాయ రంగులోకి మారుతోంది. చక్రధర్ దారి చూడడానికి మలుపు దాటి ముందుకు వెళ్ళాడు.

"అమ్మా, కాసేపు కూర్చుంటాను" అంది మంజీర. కూర్చోవడం కాదు, గోడకు జారబడిపోయింది. మొహం పాలిపోయింది. పెదవులు ఎండి పొలుసులు లేచాయి. తల తిరుగుతోందంది. హైమ గబగబా సంచి విప్పి నీలం సీసా తీసింది. చేతికి నిండు సీసా బరువు తగిలింది.

"ఇదేంటే, పోసింది పోసినట్టే ఉంది!"

"నేనూ ఉంటానన్నాను కదమ్మా."

హైమ సీసా మూత తీసి నోటి దగ్గర పెట్టింది. మంజీర పెదవులు బిగించి మొహం తిప్పుకుంది. హైమ తిట్టింది, బతిమాలింది. "తాతమ్మ తుఫానులో ఉంది కదా. నువ్వు ఉంటున్నావు కదా. నా వల్ల కాదన్నావు" అంది పిల్ల, కళ్ళు మూసుకునే.

"ఏదో నవ్వులాటకన్నానే తల్లీ. తాగితే శివుడేమీ అనుకోడు."

"అనుకోకపోతే నువ్వెందుకు తాగవు?"

నేను మాణిక్యాంబ చేతుల్లో ఉన్న నాటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. పిల్ల తల ఒక పక్కకు వాలుతోంది. హైమ తలెత్తి పైకి చూసింది. నేనూ చూశాను. రెండు గోడల మధ్య ఆ సన్నటి ఆకాశంలో ఇంకా వెలుతురే ఉంది. చుక్క లేదు.

"అదిగో చుక్క!" అంది హైమ.

మంజీర కష్టంగా కళ్ళు తెరిచింది. "ఏదీ?"

"రాయి చాటుకు పోయింది. నేను చూశానుగా, చాలు."

పిల్ల మొహంలో అనుమానం పోలేదు. అప్పుడు హైమ సంచిలోంచి నన్ను తీసింది. మూత మీద చెయ్యి వేసింది. మూడు తరాల ఆడవాళ్ళు చుక్క పొడవకముందు తియ్యని మూత అది. తుఫానులో తియ్యని మూత. పళ్ళు బిగించి తిప్పింది. ఇసుక పట్టిన నా మర కిర్రుమంది. ఆ చప్పుడు మంజీరకు చిన్నప్పటి నుంచి తెలుసు. కార్తీక సోమవారం ఆ చప్పుడైందంటే చుక్క పొడిచినట్టే. ఇంట్లో ఎవరు అబద్ధమాడినా ఆ చెంబు ఆడదు.

హైమ నన్ను పైకెత్తి ముందు తన నోట్లో పోసుకుంది. కొంచెం కాదు, గటగటా తాగింది. నీళ్ళు గడ్డం మీద నుంచి కారాయి. వాటిలో కన్నీళ్ళెన్నో నేను చెప్పలేను. అప్పుడు మంజీర నోరు తెరిచింది. హైమ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, ఉగ్గు పోసినట్టు కొద్దికొద్దిగా పోసింది. సంచిలోంచి ఒక బెల్లంముక్క తీసి పెట్టింది, మళ్ళీ పోసింది. నా పుట్టుక దేనికో నాకు ఆ సందులో, ఆ ధారతో నేను తేలికవుతున్నప్పుడు తెలిసింది.

చక్రధర్ తిరిగొచ్చి, మూత లేని నన్ను చూసి, తలెత్తి ఆకాశం చూసి, "ఇదేంటి, చుక్క ఇంకా..." అనబోయాడు. హైమ ఆయన వంక ఒక్క చూపు చూసింది.

"ఆఁ, అవును, ఇందాకే నేనూ చూశాను" అన్నాడు చక్రధర్. మంచి మొగుడు.

మంజీర తేరుకుని లేచేసరికి కొంత సమయం పట్టింది. చేతులు పట్టుకుని నెమ్మదిగా నడిచి సందు బయటికి వచ్చారు. వచ్చి, ముగ్గురూ అక్కడికక్కడే ఆగిపోయారు. చుక్క ఒకటి కాదు. ఇంత కాలమూ పెరట్లో కొబ్బరాకుల సందులోంచి ఒక్కటి, మేడల మధ్య నుంచి మిణుకుమనేది ఒక్కటి వెతుక్కుని వెతుక్కుని చూసిన నేను, అంత ఆకాశం ఉందని ఎరగను. ఇసుక పోసినట్టున్నాయి. కొండల అంచుల దాకా దిగి ఉన్నాయి. ఇంకా ఇంకా పుట్టుకొస్తూనే ఉన్నాయి. హైమ రెండు చేతులూ జోడించింది గాని దేనికని మొక్కాలో తెలియక అలాగే నిలబడింది.

"అమ్మా" అంది మంజీర. "ఇందాక లోపల చుక్క లేదు కదా?"

"లేదు."

"మరి నువ్వెందుకు తాగావు?"

"నువ్వు తాగాలి కదే" అంది హైమ.

మంజీర సంచిలోంచి నన్ను తీసి, అడుగున మిగిలిన నీళ్ళు పైకెత్తి పోసుకోబోయి, చొక్కా అంతా తడుపుకుంది.

ఇప్పుడు నేను గాజు అల్మరాలో లేను. వాకిట్లో నడక బూట్ల పక్కన, టోపీల కింద ఉంటున్నాను. మెరుపు తగ్గింది, ఒక సొట్ట కూడా పడింది, చుట్టాలెవరూ మెచ్చుకోవడం లేదు. మొన్న కార్తీక సోమవారం పొద్దున్నే హైమ నన్ను నింపి, దేవుడి దగ్గర పెట్టకుండా కూతురి చేతికిచ్చింది. ఎవరో కొత్తగా వచ్చిన స్నేహితురాలు చూసి, "అదేంటండీ, ఉపవాసం అన్నారు?" అని అడిగింది.

"నీళ్ళు ఉపవాసంలో లెక్క కాదండీ. మా అమ్మమ్మ నాటి నుంచీ మా ఇంట్లో అంతే" అంది హైమ, తొణక్కుండా. ఆ పక్కనే మంజీర నా మూత తిప్పింది. కిర్రుమన్నాను.